పంబకు ఎంచిన తోలు

పోయిన వారం మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తుంటే గేటు దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన వయసు, భుజాన దుప్పటిలో చుట్టిన గుండ్రటి వస్తువేదో ఉంది. "టీచరమ్మా, మీరు చిత్తూరు తోలు చెంగయ్య కూతురే గదా" అని అడిగాడు. తిరుపతిలో ఈ వీధికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇక్కడ నేను మునెమ్మ టీచర్ని, అంతే. మా నాయన పేరును ఆ ముందు మాటతో కలిపి నా ఎదుట ఎవరైనా పలికి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. ముందు కోపం వచ్చింది, వీధి వీధంతా వినేటట్టు అనాలా అని. ఆ వెంటనే సిగ్గేసింది, ఇంత వయసొచ్చినా ఆ బుద్ధి పోలేదే నాకు అని. లోపలికి రమ్మని కుర్చీ వేశాను.

ఆయన పేరు నాగరాజు. సత్యవేడు పక్క పల్లె. మా నాయన దగ్గర వాయిద్యాలకు తోళ్ళు వేయించుకున్న మేళగాడు అంకయ్య ఉండేవాడు, ఆయన మనవడు. అంకయ్య పేరు వినగానే నా చేతిలోని మునగ రెమ్మ అట్లాగే ఆగిపోయింది. నాగరాజు అది గమనించలేదు. దుప్పటి విప్పి, పుల్లలతో కొట్టే పలక వాయిద్యం తీసి నా ఒళ్ళో పెట్టాడు. కట్టె చట్రం లేదు, ఇనుప చట్రం. తోలు లేదు, తెల్లటి ప్లాస్టిక్కు. చుట్టూ బోల్టులు. "ఇప్పుడంతా ఇదే అమ్మా. మంట కాడ కాచే పని లేదు, వానకు తడిస్తే దిగులు లేదు. స్పానర్ పెట్టి తిప్పితే సాలు. కానీ మా ఊరి పెద్దోళ్ళు ఈసారి ఆడి నెల, అదే మన ఆషాడం, గంగమ్మ జాతరకు తోలు వాయిద్యాలే కావాలంటా ఉండారు. ఏ వాయిద్యానికి ఏ తోలో సెప్పేవాళ్ళు మా దిక్కున ఒక్కరూ మిగల్లేదు" అన్నాడు. సెల్‌ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టి టీపాయ్ మీద ఉంచాడు.

గంటసేపు చెప్పాను. నాకే ఆశ్చర్యం, అంతా నోటికే ఉంది. పలకకు ఎనుముదూడ తోలు కావాలి, పాలు మరిచి మేత పట్టిన దూడదైతే ఇంకా మంచిది. డోలుకు రెండు వైపులా రెండు రకాలు: కుడి మొహానికి ఎనుము తోలు బిర్రుగా, ఎడమ మొహానికి మేక తోలు కాస్త వదులుగా. ఇక పంబ. ఒకదానికొకటి కట్టిన ఆ రెండు చిన్న పీపాలే అన్నిటికంటే పెంకివి. దానికి పలుచటి మేకపోతు తోలే ఉండాలి, ఒంటి మీద గాటు ఉండకూడదు, పిడుదు పురుగు కుట్టిన చుక్క ఉండకూడదు. ఈనిన మేకది అసలే పనికిరాదు, పొట్ట దగ్గర సాగిపోయి ఉంటుంది. పంబ పలికితేనే గంగమ్మ తల్లి మనిషి మీదికి వస్తుంది, అందుకని. నాగరాజు తల ఊపుతూ విన్నాడు. వెళ్ళేముందు చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "మా తాత సచ్చేదాకా ఒకటే మాటమ్మా. చెంగయ్య మామకు చెవులు పోయిందానికే జాతరలో మన మిరాసీ హక్కు పోయింది, దేవుడు చేసిందానికి మనిషినేమంటాం, ఆయన్ను ఎవురూ తిట్టగూడదు అని." వస్తానమ్మా అన్నాడు, మంచిది నాయనా అన్నాను. ఇన్నాళ్ళూ ఒక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను.

చిత్తూరు ఊరు దాటి బస్సుల రోడ్డు మలుపు తిరిగే చోట మా ఇల్లు, మిగతా ఇళ్ళకు కాస్త ఎడంగా ఉండేది. ఎందుకు ఎడంగా అంటే వాసన. వెనక పెరట్లో సున్నం గుంట, దాని పక్కన బూడిద కుప్ప. ఆదివారం కసాయి అంగళ్ళ నుంచి నాయన పచ్చి తోళ్ళు సైకిల్ మీద వేసుకొచ్చేవాడు. సున్నమూ బూడిదా కలిపి పూసి మడిచి పెట్టి, వెంట్రుక వదులయ్యాక మొద్దు కత్తితో గీకి, కడిగి, తుమ్మముళ్ళు గుచ్చి నేలమీద నీడలో ఆరబెట్టేవాడు. ఇంట్లో మరో వాసన చింతపిక్కలది. వాటిని నానబెట్టి రుబ్బి, అమ్మ పొయ్యి మీద బంక కాచేది. పలక చట్రానికి తోలు అతికించేది దానితోనే. సంగటి కెలికే కట్టె, బంక కెలికే కట్టె మారిపోకూడదని అమ్మ ఒకదానికి ఎర్ర గుడ్డ కట్టి పెట్టింది. బంక వాసన నాకిష్టం, సున్నం వాసన అసహ్యం. కాలేజీలో నా పక్కన కూర్చున్న పిల్ల ఒకరోజు ఏమీ అనకుండా పుస్తకాలు తీసుకుని ముందు బెంచీకి పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి తలంతా కుంకుడుకాయతో రెండుసార్లు రుద్దుకున్నాను. అయినా పోలేదు. ఈ ఇంట్లో ఉన్నంతకాలం ఇది పోదు, నేనే పోవాలి అని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మా నాయన తక్కువ మాటల మనిషి. పొద్దున్నే రాగి సంగటిలో ఉల్లిపాయ కొరుక్కుని తిని, చేతులు కడుక్కుని, ఆ చేతుల్ని చాలాసేపు తువ్వాలుతో తుడుచుకునేవాడు. చేతులు పొడిగా లేకపోతే తోలు అబద్ధం చెబుతుందనేవాడు. తోలు ఎంచే రోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వాయిద్యం తెచ్చిన మేళగాడు నాయనకు ఎదురుగా కూర్చోవాలి, నోరు మెదపకూడదు. నాయన ఆరిన తోలును ఖాళీ కుండ మూతి మీద పరిచి, అంచులు ఒక చేత్తో బిగబట్టి, కళ్ళు మూసుకుని గోటితో మీటేవాడు. మంచిదైతే మీటిన తర్వాత కూడా కుండలో కాసేపు మాట నిలబడుతుంది. చెడ్డదైతే తడి గుడ్డ మీద కొట్టినట్టు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకా ఎన్నో తేడాలున్నాయి, అవి వినడానికే నాయన దగ్గరికి వేలూరు దాకా ఉన్న మేళాలు వచ్చేవి. ఆయన తల ఊపిన తోలు వేయించుకుని పోతే ఇంక ఆ ఏడాదికి దిగుల్లేదని వాళ్ళ ధైర్యం.

నేను ఇంటరు రెండో ఏడు చదివేటప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇంటి ముందు బస్సు హారన్ మోగిస్తే నాయన తల తిప్పడం లేదు. పిలిస్తే పలకడం లేదు, ఎదురుగా పోయి నిలబడితే అప్పుడు ఏమే అంటున్నాడు. అమ్మను అడిగాను. అమ్మ తలుపు వేసి వచ్చి, "మీ నాయనకు చెవులు పోయినాయి. రెండేండ్లయింది. యాడా అనొద్దు" అంది. "మరి తోళ్ళు ఎట్ల ఎంచతా ఉండాడు?" అన్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏళ్ళతో తడిమి, అదృష్టం మీద వదిలేస్తా ఉండాడు. పోయినేడు రెండు పలకలు వాపసొచ్చినాయి. ఇంకా నాలుగొస్తే మన గడప తొక్కేవాళ్ళుండరు మునెమ్మా. అప్పుడు మనం మట్టి తినాల" అంది. ఎంచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదనే పద్ధతి ఉంది గనుక ఆయన వినలేడని అంతవరకూ ఎవరికీ తెలియలేదు. అది ఎన్నాళ్ళు దాగుతుంది? ఆ రోజు నుంచి రోడ్డు మీద ఎవరు మా ఇంటి వైపు నడిచి వచ్చినా ముందు వాళ్ళ చేతుల్లోకి చూసేదాన్ని, వాపసు తెచ్చినారేమోనని.

చేట ఉపాయం నాదే. చిన్నప్పటి నుంచి ఆ కుండ మోత వింటూ పెరిగాను, నాకు ఆ చెవి ఉంది, అమ్మకు లేదు. ఎంచే రోజు నేను వసారాలో మేళగాడి వెనక, నాయనకు కనపడేటట్టు కూర్చుని చేటలో రాగులు పెట్టుకునేదాన్ని. నాయన ఇంక కళ్ళు మూసుకోడు. మీటిన వెంటనే నావైపు చూస్తాడు. తోలు మంచిదైతే నేను చేట ఎత్తి చెరుగుతాను. చెడ్డదైతే చేట ఒళ్ళో దించి రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకుంటాను. మేళగాళ్ళకు కనిపించేది ఇంటి పని చేసుకుంటున్న ఆడపిల్ల, అంతే. ఇలా ఏడాదిన్నర జరిగింది. ఒక్క వాయిద్యం వాపసు రాలేదు. నాయన మళ్ళీ తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాడు. నాకోసం వారం వారం అంగడి నుంచి మురుకులు తెచ్చేవాడు. నేను తినేదాన్ని గానీ లోపల ఒకటే ప్రశ్న. ఆయనకు చెవులు నేనైతే ఇంక నేను ఎక్కడికి పోతాను? పెళ్ళి చేసుకున్నా ఈ వసారాలోనే, ముసలిదాన్నయినా ఈ వసారాలోనే అనిపించేది. రాగులు చెరుగుతూ చెరుగుతూ ఏడుపొచ్చేది. ఎదుటి మనిషి వెనక్కి తిరిగి చూస్తాడేమోనని అదీ మింగేదాన్ని.

టీచర్ ట్రైనింగుకు తిరుపతిలో సీటు వచ్చినట్టు కాగితం అందింది. సోమవారం లోపల చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కాగితం చూపిస్తే నాయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "పో" అన్నాడు. "శనివారం అంకయ్య మేళం వస్తాది. అదొక్కటి ముగించి పో. ఆపైన నేను పలకలు మాత్రం చేసుకుంటా. పలకను మంట కాడ కాచుకోవచ్చు, దానికి అంత చెవి అక్కర్లేదు" అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పలకల మీదే మా బతుకు నడవదు. అయినా పో అన్నాడు గదా అని నేను ఆ ఒక్క మాటనే పట్టుకున్నాను. ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుకున్నాను. సర్దేముందు ప్రతి చీరా ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను.

శనివారం పొద్దున్నే అంకయ్య తన మేళమంతా తెచ్చాడు: ఆరు పలకలు, ఒక డోలు, పంబ జోడు. వాళ్ళ ఊరి ఆడి నెల గంగమ్మ జాతరలో పంబ కొట్టేది వాళ్ళ వంశమే, తరతరాల హక్కు. పాత తోళ్ళన్నీ ఎలుకలు కొరికేశాయి, జాతరకు రెండు వారాలే గడువు. పలకలూ డోలూ మధ్యాహ్నానికి తేలిపోయాయి. పంబ దగ్గరే వచ్చింది చిక్కు. ఆ ఏడు వానలు లేవు, మేకలు ముళ్ళకంపలు తిని బతికాయి. ఏ తోలు చూసినా గాట్లే. నాయన ఒకటి పరిచి మీటాడు, నేను చేట దించాను. ఇంకొకటి పరిచాడు, దించాను. తెచ్చిన మేకపోతు తోళ్ళన్నీ అయిపోయాయి. అంకయ్య పద్ధతి మరిచి, "ఏం మామా, ఒకటీ కుదరలేదా? మంగళవారం సంతకు పోయి వేరేవి తెస్తావా, నేను ఆగతా" అన్నాడు. నాయన ఆయన పెదాలు చూసి ఎంత అర్థం చేసుకున్నాడో తెలియదు. నావైపు చూశాడు. ఆయన మొహాన చెమటలు కారుతున్నాయి. నాకు మాత్రం అంకయ్య మాట పూర్తిగా వినపడింది. మంగళవారం సంత. తెచ్చి, సున్నం పెట్టి, ఆరబెట్టి, ఎంచేసరికి ఇంకో వారం. సోమవారం దాటిపోతుంది. నా సీటు పోతుంది. ఇంక ఈ వసారా నుంచి నేను లేవను.

నాయన గోడ వారన ఉన్న కట్టలోంచి ఇంకో తోలు తీశాడు. అవి పొద్దున తనే ఏరి పక్కన పడేసినవి, చెప్పులు కుట్టేవాళ్ళకు ఇవ్వడానికి. కుండ మీద పరిచి మీటాడు. కుండ ఏమీ మాట్లాడలేదు. చిన్న దబ్బుమన్న శబ్దం వచ్చింది, పోయింది. నాయన తలెత్తి నన్ను చూశాడు. నేనూ ఆయన్ను చూశాను. దేవుడు సాక్షిగా చెబుతున్నాను, చెయ్యి తడబడి కాదు, పొరపాటు విని కాదు. నేను చేట ఎత్తి చెరిగాను. పొట్టు ఎగిరి నా కళ్ళలో పడింది. నాయన నన్ను మామూలు కంటే కాస్త ఎక్కువసేపు చూసి, అంకయ్యకు తల ఊపాడు. ఆ పూటే తోలు నానబెట్టి పంబకు బిగించాడు. ఆదివారం సాయంత్రం బస్సెక్కి నేను తిరుపతికి వచ్చేశాను.

మళ్ళీ నేను ఇంటికి పోయింది నెల దాటాక. మలుపు దగ్గర బస్సు దిగితే సున్నం వాసన లేదు. ఎంత పాపిష్టిదాన్నో చూడండి, ఆ క్షణాన నాకు హాయిగానే అనిపించింది. పెరట్లోకి పోతే గుంట ఎండి నెర్రెలిచ్చి ఉంది. కుండ బోర్లించి ఉంది. అమ్మ నన్ను కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. జాతర రోజు ఎండలో ఊరంతా నిలబడి ఉంటే అంకయ్య పంబ ఎత్తుకున్నాడట. కొట్టేకొద్దీ తోలు సాగి మూగబోయిందట. ఎంతసేపు కొట్టినా గంగమ్మ ఎవరి మీదికీ రాలేదు. ఆడవాళ్ళు ఏడ్చారు, పెద్దవాళ్ళు అంకయ్యను తిట్టి అక్కడికక్కడే పక్క ఊరి మేళాన్ని పిలిపించారు. ఆ హక్కు మళ్ళీ అంకయ్య ఇంటికి రాలేదు. ఆయన మరునాడు పంబ తెచ్చి మా వసారాలో పెట్టి, "నీకు నేనేం పాపం చేసినా మామా" అని ఏడ్చాడట. చుట్టూ జనం చేరారు. అప్పుడు మా నాయన లేచి నిలబడి, "నాకు చెవులు ఇనపడవప్పా. మూడేండ్లు దాటింది. నిన్ను మోసం చేసినా" అని అందరి ముందూ చెప్పేశాడట. చేట మాట ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు.

అమ్మ ఇదంతా చెప్పి, "నువ్వుండి గూడా అట్లెట్ల అయిందిమే?" అని అడిగింది. నేను తెలియదన్నాను. అబద్ధం మీద అబద్ధం. అంకయ్య వయసు మీరి చనిపోయాడని తర్వాతెప్పుడో విన్నాను, పరామర్శకు కూడా పోలేదు. ఈ రోజు ఈ ఇల్లు, పింఛను, వీధిలో ఈ మర్యాద, అన్నీ ఆ ఒక్క చెరుగుడుతో వచ్చినవే. నాగరాజు ప్లాస్టిక్కు పలక ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వేలితో మీటి చూశాను. ఏ మూల మీటినా ఒకే మోత. అప్పట్లో ఇది ఉండి ఉంటే మా నాయనకు చెవులతో పని లేదు, నాతో పని లేదు, అంకయ్య హక్కు అంకయ్యకే ఉండేది. తోలు పోయిందని పాటగాళ్ళూ పండితులూ బాధపడుతుంటారు. వాళ్ళ బాధ వాళ్ళది. నాకు ఆ ప్లాస్టిక్కును చూస్తే అసూయ వేసింది, కోపం వచ్చింది, ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావే అని అడగాలనిపించింది.

అమ్మ జరిగింది చెప్పిన ఆ ఆదివారమే, తిరుగు బస్సుకు ముందు మామిడికాయల మండీకి వెళ్ళాను. నాయన అక్కడ పనికి కుదిరాడని అమ్మ చెప్పింది. చివరి కోత తోతాపురి కాయలు లారీలకెక్కుతున్నాయి. నాయన తలమీద గంపతో మిగతావాళ్ళ వెనక నడుస్తున్నాడు. మేస్త్రీ ఆయన్ను చెవిటోడా అని పిలుస్తున్నాడు; ఆయన వినడు గనుక ఎవరికీ మొహమాటం లేదు. నన్ను చూసి గంప దించి వచ్చాడు. అలవాటు ప్రకారం తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను, అక్కడున్నవాళ్ళు విన్నా సరే అని. "నాయనా, ఆ పంబ తోలు చెడ్డదని నాకు తెలుసు. తెలిసే చెరిగినా."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఈనిన మేక తోలది" అన్నాడు మెల్లగా. "ఏలు పెడితే తెలవదా."

"తెలిసీ ఎట్ల బిగిస్తివి నాయనా?" అన్నాను. మళ్ళీ అడిగాను. ఆయన భుజాలు పట్టుకుని, పెదాలు కనపడేటట్టు ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి మూడోసారి అడిగాను. నాయన తలపాగా సర్దుకుని, "బస్సు పోతాది, పో" అన్నాడు. అని గంప వైపు తిరిగాడు.

నా మాట ఆయనకు వినపడలేదో, వినపడీ ఊరుకున్నాడో నాకు తెలియదు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. అందులో చివరి నాలుగేళ్ళు తిరుపతిలో నా దగ్గరే ఉన్నాడు, నా చేతి సంగటే తిన్నాడు. ఎదురెదురుగా కూర్చున్న పూటలు ఎన్నో. అడిగితే ఈసారి చెబుతాడేమోనని భయపడి, నేను మళ్ళీ అడగలేదు.